పొడుగు మర

లోపలి నుంచి దగ్గు వినిపించగానే అందరూ అరనూలు అని పిలిచే తమ్ముడు బకెట్ కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు.

మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. ఉన్న గడియ ఊడిపోయి తొమ్మిదేళ్ళయింది. కొత్తది వేయించాలంటే ఇద్దరిలో ఒకరు రెండోవారితో మాట్లాడాలి. అందుకని లోపల ఉన్నవాడు దగ్గుతాడు, బయట ఉన్నవాడు విని ఆగుతాడు. పదకొండేళ్ళుగా ఆ అన్నదమ్ముల మధ్య నడిచిన మాటామంతీ అంతా అదే.

ఇల్లు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, తండ్రి వాడిన పనిముట్లు సుత్తి ఒకరికి రంపం ఒకరికి అని పంచుకున్నారు. వెనక వాకిట్లో ఉన్న ఈ మరుగుదొడ్డిని మాత్రం ఎలా పంచాలో పెద్దమనుషులకి తోచలేదు. దాని ఎడమ గోడ అన్న పడకగదిది. కుడి గోడ తమ్ముడి వంటగదిది. మధ్యలో మూడడుగులు కూడా లేని సందు. అలాగే ఉమ్మడిగా ఉండిపోయింది.

అరనూలు చెవి అటే ఉంది. చెంబు నీళ్ళు పోసిన చప్పుడు అయింది. తరవాత రెండు అరచేతులు గోడలని రాసుకుంటూ పైకి పాకే చప్పుడు. సగంలో ఆగింది. మళ్ళీ కిందికి జారింది. ఊపిరి బరువుగా ఒకసారి. మళ్ళీ అరచేతులు. బకెట్ దొర్లింది.

అతను లెక్కపెడుతున్నాడు. మొన్న నూట ఎనభై, నిన్న రెండు వందల పది. ఇవాళ రెండు వందల అరవై దాటాక గానీ తలుపు కదల్లేదు. తలుపు తోసి చెయ్యి అందిస్తే అయిపోయే పని. ఆ చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

అన్న బయటికి వచ్చాడు. ఒకప్పుడు గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన మనిషి. ఇప్పుడు నడుమే వంగింది కాబట్టి తల వంచే పని లేదు. మోకాళ్ళు గుండ్రంగా వాచి, చేతికర్ర మీద ఒరిగి, నుదుటి చెమట భుజాన ఉన్న తువ్వాలుతో తుడుచుకున్నాడు. తమ్ముడు నిలబడ్డ వైపు కాక, ఆ పక్కన బకెట్ వైపు చూసి, తన గుమ్మంలోకి వెళ్ళిపోయాడు. కుర్చీలాంటిది పెట్టించుకోమని డాక్టరు చెప్పి ఏడాదయిందట. అదీ ఇద్దరూ కలిసి పెట్టించాల్సిందే.

అరనూలు లోపలికి వెళ్ళి గోడలు చూశాడు. సున్నం మీద అటూ ఇటూ ఒకే ఎత్తులో నల్లటి అరచేతి మరకలు. ఎన్నో ఏళ్ళ మరకలు, ఈ నెలలో మరీ చిక్కబడ్డాయి. వాటి ఎత్తు మూడు రోజుల కిందటే తీసుకున్నాడు. వెడల్పు టేపుతో తియ్యలేదు. మూలల్లో టేపు వంగుతుంది, అబద్ధం చెబుతుంది. రెండు సన్నపుల్లలు కలిపి పట్టుకుని, ఒకదాని కొన ఆ గోడకి, రెండోదాని కొన ఈ గోడకి తగిలేదాకా జరిపి, కదలకుండా రబ్బరు బిగించి సంచిలో దాచాడు. ముప్పై నాలుగంగుళాల మూడు నూళ్ళు. అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. అందులో సగం తేడా వచ్చినా ఒప్పుకోడు కాబట్టే మనిషికి ఆ పేరు. అసలు పేరు జీతం రిజిస్టరులో ఉంది.

*

నీళ్ళు తోడే కేంద్రంలో ముప్పై తొమ్మిదేళ్ళుగా అతను ఫిట్టరు. నీళ్ళు వచ్చినంతకాలం అక్కడ ఫిట్టరు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. రాని రోజున మాత్రం ఊరంతా అతని తల్లిదండ్రులని తలుచుకుంటుంది. పొట్టి మనిషి. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలి మళ్ళీ మొలవలేదు. కుడిచేతి బొటనవేలి గోరు ఒకసారి పానా కింద నలిగి రెండుగా చీలే పెరుగుతుంది. భార్య పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. పనిలోకి రావడం, కారే చోట కారకుండా చేయడం, ఇంటికి పోవడం.

ఆ పొద్దున రెండో పంపు దగ్గర నీళ్ళు చిమ్ముతుంటే ఇరుసు చుట్టూ ఉన్న పాత తాడు లాగేసి కొత్త తాడు గ్రీజులో ముంచి చుట్టాడు. మీటరు అద్దం మార్చాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే, అతను తుక్కు కుప్పలోంచి ముందే ఎంచి పక్కన పెట్టిన నల్ల పైపు తెచ్చి బల్లకి బిగించాడు.

లేతు మిషను నడిపే అతన్ని అందరూ లేతు బావ అంటారు. ఎవరికీ బావ కాడు. ముద్ద నములుతూ వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి మేస్త్రీ, అన్నం మానేసి ఇనుము తింటున్నావ్? ఏ కిటికీకి?"

"కిటికీకి కాదు. దొడ్లోకి."

"దొడ్లో పైపేంటయ్యా, పరదా కడతావా?"

"మా అన్న లేవలేకపోతున్నాడు. ఎదురుగా అడ్డంగా ఒకటుంటే పట్టుకుని లేస్తాడు."

లేతు బావ నమలడం ఆపాడు. "మీకు మాటల్లేవుగా."

"పైపుకి మాటలెందుకు?"

"బాగుంది. ముఖాలు చూసుకోరు గానీ ముడ్డి సంగతి చూసుకుంటారన్నమాట."

అరనూలు నవ్వలేదు. పైపు కొన చుట్టూ మర చుట్లు కోసే డై తిప్పుతూ, మర మీద నూనె చుక్కలు వేస్తూ ఉండిపోయాడు. లేతు బావ కాసేపు చూసి, తనే ఒక చేత్తో పైపు రెండో కొన కదలకుండా పట్టుకున్నాడు.

ఒక కొనకి మామూలు మర, ముప్పావంగుళం. రెండో కొనకి మాత్రం మూడంగుళాల పొడుగు మర. అది నేర్పింది అన్నే. పందొమ్మిదేళ్ళప్పుడు, పనిలో చేరిన మొదటి నెలలో, రెండు గోడల మధ్య పైపు పెట్టమంటే అతను రెండు కొనలకీ పొట్టి మరలే కోసి, రెండు గోడలకీ ముందే పైపు కొన తిరిగి ఎక్కే ఇనప బిళ్ళలు బిగించేసి, మధ్యలో పైపు పట్టుకుని నిలబడిపోయాడు. ఇటు తిప్పితే అటు ఊడుతుంది, అటు తిప్పితే ఇటు ఊడుతుంది. అన్న నేల మీద చతికిలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తరవాత చెప్పాడు.

"ఇద్దరూ ఒకేసారి బిగుసుకుంటామంటే పైపు ఎక్కదురా. ఒకడి మర పొడుగ్గా ఉండాలి. ఆ బిళ్ళ ముందు లోపలికి తగ్గాలి. పైపు మధ్యలో కూర్చున్నాక నింపాదిగా వెనక్కొచ్చి దాని గోడని అది పట్టుకుంటుంది."

ఇంకోటి కూడా అన్నే నేర్పాడు. గోడకి అటొకడు, ఇటొకడు ఉండి ఒకే పైపు మీద పని చేసేటప్పుడు ఒకరికొకరు కనపడరు, మోటారు హోరులో అరిచినా వినపడదు. ఇనుము మీద ఇనుముతో కొట్టాలి. ఒక దెబ్బ అంటే ఆగు. రెండు దెబ్బలంటే సరిపోయింది. అటువైపు వాడు తన కొన సరిచూసుకుని తిరిగి రెండు దెబ్బలు కొట్టాలి. ఆ బదులు వచ్చేదాకా మొదటివాడు చేతిలో పట్టు వదలకూడదు. ఇరవై రెండేళ్ళు వాళ్ళిద్దరూ అలా కొట్టుకుంటూ పనిచేశారు.

పంపకాల రోజున, పెద్దమనుషుల ఎదుట, అన్న టేపు పట్టి గది మధ్యలో బొగ్గుతో గీత గీశాడు. తమ్ముడు ఒంగి చూసి, "నీ చెయ్యి వణుకుతోందన్నా, టేపు ఇటివ్వు" అన్నాడు. అంతమందిలో అన్నాడు. తనే అన్న గోడ నుంచి మళ్ళీ కొలిచాడు. "అంగుళం తప్పావు" అని అన్న గీత కాలితో చెరిపి, అంగుళం అన్న వైపుకి జరిపి కొత్తది గీశాడు. టేపు పట్టడం తమ్ముడికి నేర్పిన మనిషి ఒక్క మాట అన్నాడు. "సరే, నీ కొలతే కానీ." అదే ఆఖరి మాట.

ఆ టేపుకి కొన విరిగిపోయి ఉంది. అలాంటి టేపుని అంగుళం గీత దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చిన లెక్కలో అంగుళం తీసేస్తారు. పనివాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆ రోజు తమ్ముడు అంగుళం దగ్గర పట్టాడు. తీసెయ్యడం మర్చిపోయాడు. నాలుగో రోజున అదే టేపుతో కోసిన పైపు అంగుళం పొట్టిగా వచ్చినప్పుడు గానీ తెలిసిరాలేదు. ఇంటికి పరుగెత్తాడు. అప్పటికి గోడ మూడు వరసలు లేచింది. రేపు చెబుదామనుకున్నాడు. రేపటికి ఆరు వరసలు. తరవాత గిలాబా, తరవాత సున్నం. గోడ ఎండినట్టే మాటా ఎండిపోయింది.

*

గేటు దగ్గర కాపలాదారు తుక్కు బయటికి తీసుకెళ్ళే చీటీ చూసి, పైపు అటూ ఇటూ తిప్పి, "ముసలాళ్ళకి పనికొచ్చేదేనా ఇది, మా ఇంట్లో మామగారు కూడా కూర్చుంటే లేవడు" అన్నాడు.

"కొలత పట్టుకొస్తే చేస్తాను" అన్నాడు అరనూలు.

అతను ఇల్లు చేరేసరికి వదిన వెనక వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆ ఇంటికి వచ్చేనాటికి మరిదికి పద్నాలుగేళ్ళు. యాభై ఎనిమిది వచ్చినా ఆవిడకి చిన్నోడే. భర్త వినేలా మాట్లాడదు గానీ, ఇంట్లో ఏదైనా ఎక్కువ వండితే గిన్నె మూతపెట్టి మరిది కిటికీలో పెట్టి పోతుంది.

"వదినా, మీ వైపు గోడకి నాలుగు బెజ్జాలు పెట్టుకోవాలి."

"దేనికి?"

అక్కడే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. పైపు ఎదురుగా అడ్డంగా పట్టుకుని, పైకి లాక్కుంటున్నట్టు లేచి నిలబడ్డాడు. ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"గోడ నాది కాదు చిన్నోడా. గోడ గలాయన లోపలున్నాడు."

లోపలికి వెళ్ళింది. గొణుగుడు వినిపించింది. కాసేపటికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అడిగేవాడికి నోరు లేదా, అన్నారు."

అరనూలు పైపు వైపు చూస్తూ నిలబడ్డాడు. అడగాల్సింది ఆ నాలుగు బెజ్జాలే అయితే ఎప్పుడో అడిగేవాడు. అన్న ఎదుట నోరు తెరిస్తే ముందు రావాల్సింది వేరే మాట.

ఆవిడ మళ్ళీ అంది. "ఎనిమిదో వరస ఇటుక గుల్లబారిందట. తొమ్మిదో దాంట్లో దించమన్నారు."

ఉలి, సుత్తి తీసుకుని లోపల కూర్చున్నాడు. నేల నుంచి వరసలు లెక్కపెట్టాడు. అరచేతి మరకల ఎత్తు సరిగ్గా ఎనిమిదో వరస. ఉలితో తట్టి చూశాడు, డొల్లగా మోగింది. తొమ్మిదోది గట్టిగా పలికింది. ఒక్కో దెబ్బకీ ఎర్రటి పొడి ఒళ్ళోకి రాలుతోంది. గోడకి అవతలే అన్న మంచం. ప్రతి దెబ్బా ఆ తలకి తగులుతూ ఉండాలి. అందుకని మెల్లగా కొట్టాడు.

వదిన మళ్ళీ వచ్చింది. "మెల్లగా కొడితే రేపటిదాకా అవదు, గట్టిగా కొట్టమంటున్నారు."

గట్టిగా కొట్టాడు. చెక్క బిరడాలు దిగ్గొట్టాడు. పొట్టి మర ఉన్న కొన బిళ్ళని అన్న గోడకి పెట్టి నాలుగు మరమేకులు బిగించాడు.

"పొడుగు మర ఎటు పెట్టావని అడుగుతున్నారు."

అరనూలు చెయ్యి ఆగింది. "నా వైపే వదినా."

ఆవిడ వెళ్ళి చెప్పింది. గోడ అవతల ఒక దగ్గు వినిపించింది. దగ్గొచ్చి దగ్గిన దగ్గు కాదు.

తన వైపు బిళ్ళని లోపలికి తగ్గించి, పైపు రసమట్టం పెట్టి చూసి, మెల్లగా వెనక్కి తిప్పుతూ తెచ్చి గోడకి ఆనించాడు. తన గోడలో బోల్టులు ఇవతలి నుంచి అవతలికి దూర్చి వంటగదిలో నట్లు బిగించాడు. పైపుకి వేలాడి చూశాడు. రెండు కాళ్ళూ పైకెత్తి చూశాడు. ఈగంత కదలిక లేదు. తడి తగిలే చోటు కాబట్టి తుప్పు పట్టకుండా ఎర్ర రంగు ఒక పూత వేశాడు.

"రంగు పొద్దునకి గానీ ఆరదు వదినా. ఈ రాత్రికి ముట్టుకోవద్దని చెప్పు."

"ఆ మాట ఆయన పొట్టకి చెప్పాలి, నాకు కాదు" అంది వదిన.

*

దీపాలు పెట్టే వేళకి అరనూలు వంటగదిలో పొయ్యి ముందు కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద నాలుగు బోల్టు కొనలు, నాలుగు నట్లు. కొత్తవి, తళతళలాడుతున్నాయి. కర్ర చప్పుడు వాకిట్లో నడిచింది. మరుగుదొడ్డి తలుపు మూసుకుంది. దగ్గు.

అతను పొయ్యి తగ్గించాడు.

చెంబు నీళ్ళు. తరవాత అరచేతులు గోడని రాసుకునే చప్పుడు కోసం ఎదురుచూశాడు. రాలేదు. బోల్టులు సన్నగా కిర్రుమన్నాయి. గోడ గిలాబా లోంచి చిటికెడు పొడి రాలింది. లెక్కపెడుతున్నాడు. ఎనిమిది దగ్గర అవతల మనిషి నిలబడ్డట్టు తెలిసింది. ఎనిమిదే.

టక్. టక్.

చేతికర్ర కొనకున్న ఇనప పొన్నుతో పైపు మీద కొట్టిన దెబ్బలు. నట్లలోంచి వచ్చి నేరుగా వంటగదిలో మోగాయి. అరనూలు వీపు నిటారుగా అయింది. చెయ్యి దానంతట అదే వెళ్ళి పానా అందుకుంది. బోల్టు కొనకి అంగుళం దూరంలో ఆగింది.

రెండు కొడితే సరిపోయిందని అర్థం. సరిపోలేదు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో సరిపోనిది ఒకటుంది, అది తన వైపే ఉంది. సరిపోకుండా ఎప్పుడూ రెండు కొట్టినవాడు కాదు. ముందు మాట చెప్పాలి. పొద్దున్నే వాకిట్లో నిలబడి చెప్పేస్తాను, అన్నా ఆ రోజు నీ గీతే సరి, అని. ఆరు మాటలు. ఆ తరవాత అన్న ఎదుటే పైపు మీద రెండు కొడతాను. ఇప్పుడు కాదు.

అవతల అన్న కదల్లేదు. ఊపిరి చప్పుడు ఉంది. నట్లలో మళ్ళీ మోగింది. టక్, టక్. ఈసారి మెల్లగా, అడిగినట్టు.

పానా బోల్టుకి తగల్లేదు.

ఇంకాసేపటికి తలుపు తెరుచుకుంది. కర్ర చప్పుడు వాకిలి దాటి ఆ గుమ్మంలోకి వెళ్ళింది. అరనూలు పానా నేల మీద పెట్టి పొయ్యి మంట పెద్దది చేశాడు. ఆ పూట అన్నం అడుగంటింది.

*

తెల్లవారి బకెట్ తెచ్చి ఎప్పటికంటే ముందే నిలబడ్డాడు. ఆరు మాటలు నోట్లోనే అటూ ఇటూ మార్చి చూసుకున్నాడు. అన్నా అని మొదలుపెట్టాలా, మాట చివర పెట్టాలా. తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. ఎండ గోడ మీదికి వచ్చింది. దగ్గు లేదు.

అవతలి గుమ్మంలోకి వదిన వచ్చి నిలబడింది. జుట్టు ముడి వేసుకోలేదు.

"చిన్నోడా, మీ అన్న లేవట్లేదురా."

పదకొండేళ్ళ తరవాత ఆ గుమ్మం దాటాడు. గది తనకి గుర్తున్నదానికంటే చిన్నగా ఉంది. తన గది కంటే ఎంత చిన్నదో అతనికి నూళ్ళతో సహా తెలుసు. అన్న గోడ వైపు తిరిగి, మోచెయ్యి తల కింద పెట్టుకుని, నిద్రపోయినట్టే ఉన్నాడు. రెండో చెయ్యి మంచం పట్టె మీద వెల్లకిలా ఉంది. అరచేతిలో అడ్డంగా ఎర్ర చార.

"రాత్రి సబ్బు పెట్టి తోమాను, పోలేదు" అంది వదిన. "పోకపోతే పోనీలే, మనోడేగా వేసింది, అన్నారు. హాయిగా నిద్రపోయారు."

వీధిలోవాళ్ళు వచ్చారు. నీళ్ళ కేంద్రం నుంచి లేతు బావ, కాపలాదారు, ఇంకో నలుగురు వచ్చారు. తీసుకెళ్ళేటప్పుడు తల వైపు అరనూలు పట్టాడు. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. వాకిట్లో వదినా మరుదులు ఇద్దరే మిగిలారు. అతను నేల చూస్తూ అన్నాడు.

"వదినా, ఆ రోజు గీత అన్నదే సరి. అంగుళం తీసెయ్యడం మర్చిపోయింది నేను."

"తెలుసు."

అతను తలెత్తాడు.

"ఆ సాయంత్రమే కట్టె పెట్టి కొలుచుకున్నారు. పోయి అడగవయ్యా అని ఎన్నిసార్లు పోరానో. వాడికి తెలిశాక వాడే చెప్తాడులే, అంగుళంతో నాకేం పని, అనేవారు. నిన్న రాత్రి దొడ్లోంచి వచ్చి కూడా అదే." ఆవిడ దొడ్డి వైపు చూసింది. "వాడింట్లో ఉన్నాడా, దీపం వెలుగుతోందా, అని అడిగారు. ఉన్నాడు, వెలుగుతోంది అన్నాను. అయితే వినపడే ఉంటుందిలే, అన్నారు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. అరనూలు కూర్చున్న చోటే కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా రంగు డబ్బా, కుంచె తీసుకుని మరుగుదొడ్డిలోకి వెళ్ళాడు. రెండో పూత వెయ్యాలి, లేకపోతే తుప్పు పడుతుంది. డబ్బా మూత తీశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టేశాడు. కుంచె అలాగే పొడిగా పట్టుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

లోపల రెండు గోడల మధ్య పైపు మీద ఎర్ర రంగు బాగా ఆరింది. ఎడమ చేతి నాలుగు వేళ్ళు, కుడి చేతి నాలుగు వేళ్ళు పట్టుకున్నంత మేర మాత్రం రంగు లేదు. పొడుగు మర ఉన్న వైపు పొన్ను తగిలిన చోట చిన్న సొట్టలు, రెండూ రెండూ నాలుగు, వాటిలో ఇనుము ఇంకా తెల్లగా ఉంది.